శస్త్రచికిత్సాగారంలో ఔషధ దోషాలు – నివారణ మార్గాలు

మన ప్రాంతంలో ఆసుపత్రిని పెద్దలు నేటికీ దవాఖానా అనియే పిలుచుచున్నారు. దవా అనగా మందు. దవాతో పాటు దువా కూడ కావలెనని, అనగా మందుకు ప్రార్థన తోడు కావలెనని, మన ఇండ్లలో తరతరాలుగా వినవచ్చుచున్న మాట. ఆపరేషన్ థియేటర్ తలుపులు మూసుకొనిన పిమ్మట వరండాలోని బెంచీపై కూర్చున్న బంధువులు చేయగలిగినది దువా మాత్రమే. మరి లోపల దవా సంగతి ఏమి? రోగి శరీరంలోనికి పోయిన మందు సరియైనదేనా? మోతాదు సరియైనదేనా? పోయిన మార్గం సరియైనదేనా? ఈ ప్రశ్నలు బయట కూర్చున్నవారికి తట్టవు. తట్టినను అడుగుటకు వీలుండదు. ఆ ప్రశ్నలను గూర్చియే ఈ వ్యాసంలో వివరింపదలచినాము.

ఇది వైద్యులకు మాత్రమే చెందిన విషయమని పాఠకులు భావింపరాదు. మా విద్యార్థినీ విద్యార్థులలో పలువురు ఏటేటా నర్సింగు, ఫార్మసీ, థియేటర్ టెక్నీషియన్ చదువులలో చేరుచున్నారు. కొలది సంవత్సరాలలో ఆ గదులలో సిరంజి అందించు చేతులు వారివే కాగలవు. ఇక మిగిలిన మనమందరం ఏదో ఒకనాడు ఆ బల్లపై పరుండవలసినవారమో, ఆ బెంచీపై కూర్చుండవలసినవారమో కదా!

హైదరాబాదు నేర్పిన పాఠం

1846 అక్టోబరు 16వ తేదీన అమెరికాలోని బోస్టన్ నగరంలో విలియం మోర్టన్ ఈథర్ ఆవిరితో రోగికి మత్తు కలిగించి, నొప్పి లేని శస్త్రచికిత్స సాధ్యమని బహిరంగంగా నిరూపించినాడు. మరుసటి సంవత్సరం ఎడింబరోలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫాంను ప్రవేశపెట్టినాడు. 1848 జనవరిలోనే ఇంగ్లండులో ఒక పదునైదేండ్ల బాలిక, కాలి గోరు తీయుటకని ఇచ్చిన క్లోరోఫాం వలన నిమిషాలలో మరణించినది. బాధను తొలగించు మందే ప్రాణమును తీయగలదను సత్యం మత్తు వైద్యం పుట్టిన రెండేండ్లలోపుననే లోకానికి తెలిసినది.

1846వ సంవత్సరముననే హైదరాబాదులో వైద్య పాఠశాల స్థాపింపబడినది. అందులో వైద్యశాస్త్రం ఉర్దూలో బోధింపబడినది. ఆధునిక వైద్యాన్ని దేశభాషలో నేర్పిన తొలి ప్రయత్నాలలో అది ఒకటియని మనం గర్వింపవచ్చును. తరువాత ఇక్కడి రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీ ప్రోద్బలంతో, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ధనసహాయంతో, 1888లో మొదటి క్లోరోఫాం కమిషను, 1889లో రెండవ కమిషను ఈ నగరంలో ప్రయోగాలు జరిపినవి. రెండవ దానికై ‘లాన్సెట్’ వైద్య పత్రిక లండను నుండి లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ వైద్యుని పంపినది. ప్రపంచపు తొలి మహిళా మత్తు వైద్యులలో ఒకరుగా పేరొందిన డాక్టర్ రూపాబాయి ఫర్దూంజీ ఈ నగరముననే చదివి, ఇక్కడి ఆసుపత్రులలో క్లోరోఫాం ఇచ్చినారు.

క్లోరోఫాం వలన మొదట ఆగిపోవునది శ్వాసయే గాని గుండె కాదనియు, కావున శ్వాసను కనిపెట్టి యుండిన చాలుననియు ఆ కమిషను తీర్మానించినది. శ్వాసను గమనింపుమనిన హితవు మంచిదే. కాని గుండెకు భయం లేదనిన మాట నిలువలేదు. 1911లో గుడ్మన్ లెవీ అను శాస్త్రజ్ఞుడు, తేలికపాటి క్లోరోఫాం మత్తులో కూడ గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని నిరూపించినాడు. మహా పండితులు వందలాది ప్రయోగాలు చేసియు పొరపడుదురని ఈ చరిత్ర తెలుపుచున్నది. మానవుడు పొరపడుట సహజమని ఒప్పుకొని, ఆ పొరపాటు రోగిని చేరకుండ అడ్డుకట్టలు కట్టుకొనుటయే నేటి వైద్యశాస్త్రం ఎంచుకొన్న మార్గం.

థియేటర్‌కు గల ప్రత్యేకత

సాధారణ వార్డులో ఒక మందు రోగిని చేరుటకు మూడు చేతులు మారును. వైద్యుడు చీటి వ్రాయును. ఫార్మసిస్టు మందు ఇచ్చును. నర్సు దానిని రోగికి వేయును. ఒకరి పొరపాటు మరొకరి కంట పడుటకు అవకాశం కలదు. థియేటర్‌లో అట్లు కాదు. మందును నిర్ణయించువాడు, ఆంప్యూల్ విరిచి సిరంజిలోనికి తీయువాడు, మోతాదు లెక్క కట్టువాడు, నరంలోనికి ఎక్కించువాడు, తరువాత కాగితంపై వ్రాయువాడు తరచుగా ఒక్క మత్తు వైద్యుడే. ఆయన చేతిని ఆపు రెండవ చేయి లేదు.

మందులు కూడ సామాన్యమైనవి కావు. ఒకటి నిద్రపుచ్చును, ఒకటి కండరాలను పూర్తిగా సడలించి శ్వాసను ఆపును, ఒకటి రక్తపోటును పెంచును, మరొకటి తగ్గించును. అన్నియు క్షణాలలో పనిచేయును. సిరంజిలోనికి తీసిన పిమ్మట వీనిలో చాలవరకు నీటివలె నిర్మలంగా, ఒక్క రీతిగా కనబడును. అన్నిటికంటె ముఖ్యమైన విషయం మరొకటి కలదు. వార్డులోని రోగి “అమ్మా, ఇది రోజూ వేసే మాత్ర కాదు” అని చెప్పగలడు. థియేటర్‌లోని రోగికి ఆ నోరు లేదు.

ఇట్టి దోషాలు ఎంత తరచుగా జరుగుచున్నవి? న్యూజిలాండులో దాదాపు పదివేల ఎనిమిది వందల మత్తు చికిత్సలను పరిశీలించి 2001లో ప్రకటించిన నివేదికలో, సగటున ప్రతి 133 చికిత్సలకు ఒక ఔషధ దోషం జరిగినట్లు వైద్యులే స్వయంగా తెలిపినారు. 2016లో ప్రకటింపబడిన ఒక అధ్యయనంలో బోస్టన్‌లోని ఒక పెద్ద బోధనాసుపత్రిలో పరిశీలకులు థియేటర్‌లోనే నిలిచి 277 శస్త్రచికిత్సలను గమనించిరి. 3,671 సార్లు మందులు ఇవ్వబడగా, వానిలో 193 సందర్భాలలో దోషమో, మందు వలన హానియో కనబడినది. అనగా ఇంచుమించు ఇరువదింటికి ఒకటి. వీనిలో సుమారు ఐదింట నాలుగు నివారింపదగినవే. అధిక భాగం ప్రాణాపాయం కలిగింపలేదన్నది నిజం. అయినను, తనంతట తాను చెప్పుకొనిన లెక్కకును, మరొకరు ప్రక్కన నిలిచి చూచిన లెక్కకును గల తేడాను పాఠకులు గమనింపగలరు. మన పొరపాట్లలో చాలవరకు మనకే తెలియవు.

దోషాలు ఎన్ని విధాలు?

మొదటిది, పోలికల వలన కలుగు దోషం. రెండు మందుల ఆంప్యూళ్ళు ఒకే పరిమాణంలో, ఒకే రంగు అక్షరాలతో ఉండును. గాఢమైన పొటాషియం క్లోరైడును సెలైనుగానో, పరిశుద్ధ జలంగానో భ్రమించి ఇచ్చిన సంఘటనలు అనేక దేశాలలో జరిగినవి. పలుచన చేయకుండ వేగంగా నరంలోనికి ఎక్కించిన ఆ మందు గుండెను నిలిపివేయును. కావున గాఢమైన పొటాషియంను సామాన్య మందుల సరసన ఉంచరాదని నేడు అన్ని దేశాలలోను నిపుణులు చెప్పుచున్నారు.

రెండవది, సిరంజి మార్పిడి. ట్రేలో నాలుగైదు సిరంజిలు వరుసగా ఉండగా, తొందరలో ఒకదానికి బదులు మరొకటి చేతికి వచ్చును. నిద్రమందుకు బదులు కండరాలను సడలించు మందు ముందుగా పోయినచో, రోగి మేలుకొనియే యుండి, కదలలేక, ఊపిరి పీల్చలేక, పలుకలేక అన్నియు వినుచుండును. బ్రిటన్, ఐర్లండు దేశాలలో మత్తు నడుమ మెలకువ వచ్చిన రోగులను గూర్చి 2014లో ప్రకటింపబడిన జాతీయ నివేదికలో ఇట్టి సంఘటనలు ప్రత్యేకంగా చర్చింపబడినవి. శరీరానికి గాయం కాకున్నను ఆ కొన్ని నిమిషాల భయం ఏండ్ల తరబడి వీడకపోవచ్చును.

మూడవది, లెక్క తప్పుట. ఈ విషయంలో మా విద్యార్థులు ప్రత్యేక శ్రద్ధ వహింపవలెను. 2 శాతం లిగ్నోకేన్ అనగా 100 మిల్లీలీటర్లలో 2 గ్రాములు. అనగా ఒక్క మిల్లీలీటరులో 20 మిల్లీగ్రాములు. కిలో బరువుకు 3 మిల్లీగ్రాములు మించరాదను లెక్కన, 50 కిలోల రోగికి 150 మిల్లీగ్రాములు గరిష్ఠ పరిమితి. అది ఏడున్నర మిల్లీలీటర్లలోనే ముగియును. అడ్రినలిన్ ఆంప్యూల్‌పై 1:1000 అని యున్నచో మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము. 1:10,000 అని యున్నచో దానిలో పదవ వంతు. ఒక్క సున్న కంటికి జారినచో మోతాదు పది రెట్లగును. ఈ నిష్పత్తుల గందరగోళం వలననే అమెరికాలో 2016 నుండి అడ్రినలిన్ లేబుళ్ళపై నిష్పత్తికి బదులు మిల్లీగ్రాములే ముద్రింపవలెనని నిర్ణయించిరి. ఫినైలెఫ్రిన్ అను రక్తపోటు మందు 10 మిల్లీగ్రాముల ఆంప్యూళ్ళలో లభించును. ఒకసారి ఇవ్వవలసినది దానిలో నూరవ వంతు, లేదా అంతకంటె తక్కువ. ఆంప్యూల్ అంతయు ఒక మోతాదే అనుకొనినచో ఏమగునో ఊహింపవచ్చును.

నాల్గవది, పేరు లేని గిన్నె. 2004లో అమెరికాలోని సియాటిల్ నగరంలో ఒక రోగికి రక్తనాళాల చికిత్స జరుగుచుండగా, ఎక్స్‌రే చిత్రాలకై ఇవ్వవలసిన ద్రవానికి బదులు చర్మం శుభ్రపరచు క్లోర్‌హెక్సిడిన్ శరీరంలోనికి పోయినది. బల్లపై ఉన్న పాత్రలకు లేబుళ్ళు లేవు. ద్రవాలన్నియు నిర్మలంగా ఉన్నవి. రోగి కొలది దినాలలో మరణించినది. ఆ ఆసుపత్రి దోషాన్ని దాచక బహిరంగంగా ఒప్పుకొని, పద్ధతులను మార్చుకొన్నది.

ఐదవది, మార్గం తప్పుట. నరానికి ఇవ్వవలసిన మందు వెన్నులోనికి పోవుట ఇందులో మిక్కిలి భయంకరమైనది. దీనిని గూర్చి మేము విన్న ఒక సంఘటనను ఇక్కడ తెలుపుదుము.

ఒక థియేటర్ నర్సు అనుభవం

మా కళాశాలలో చదివిన ఒక పూర్వ విద్యార్థిని నేడు ఒక దవాఖానాలో థియేటర్ నర్సుగా పనిచేయుచున్నది. ఒకనాటి రాత్రి ఒక గర్భిణీకి ఆపరేషన్ చేసి బిడ్డను తీయవలసి వచ్చినది. వెన్నులో మత్తు ఇచ్చుటకు వైద్యుడు సూదితో సిద్ధంగా కూర్చున్నారు. ఆంప్యూల్ విరిచి పట్టుకొనుట ఈమె పని. దాని నుండి సిరంజిలోనికి మందు తీసుకొనుట వైద్యుని పని. బ్యుపివకేన్ ఉండవలసిన పెట్టెలో చేయి పెట్టి, ఒక ఆంప్యూల్ తీసి, అలవాటు ప్రకారం పేరు పైకి చదివినది. చదువుచుండగనే ఆమె గొంతు ఆగిపోయినదట. అది ట్రనెక్సమిక్ ఆసిడ్.

ఆ మందు చెడ్డది కాదు. కాన్పు తరువాతి రక్తస్రావాన్ని తగ్గించి ఎందరో తల్లుల ప్రాణాలు కాపాడుచున్నది. కాని అది నరానికి ఇవ్వవలసిన మందు. వెన్నులోనికి పోయినచో నడుములో, కాళ్ళలో భరింపరాని నొప్పి కలిగి, మూర్ఛలు వచ్చి, గుండె లయ తప్పును. 2019లో ప్రకటింపబడిన ఒక సమీక్షలో ఇట్టి 21 సంఘటనలను పరిశీలింపగా, 10 మంది మరణించినట్లు తేలినది. రెండు మందుల ఆంప్యూళ్ళు పోలియుండుటయే అందుకు ముఖ్య కారణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో దీనిపై ప్రత్యేక హెచ్చరిక జారీచేసినది.

ఆ రాత్రి ఆ తల్లికి ఏమియు కాలేదు. బిడ్డ క్షేమంగా పుట్టినది. ఖాళీ అయిన పెట్టెను ఎవరో తొందరలో వేరొక మందుతో నింపి యుందురని తరువాత అనుకొనిరి. “అల్లా దయ” అని కొందరు, “దేవుని దయ” అని కొందరు అనిరి. అంతటితో ఆ సంగతి ముగిసినది. ఏ రిజిస్టరులోను వ్రాయలేదు. వ్రాసినచో ఎవరి ఉద్యోగానికి ముప్పు వచ్చునో అని అందరికిని భయం. మరునాడు ఆమె తానుగా ఆ రెండు మందులను వేరు వేరు అలమారలలో పెట్టి, ప్లాస్టర్ ముక్కలపై బాల్‌పెన్నుతో పేర్లు వ్రాసి అంటించినది. “మా థియేటర్‌లో సరిచేసినాను సార్, ప్రక్క థియేటర్‌లో ఆ పెట్టె అట్లే ఉన్నది” అని ఆమె మాతో అన్నప్పుడు ఏమి జవాబు చెప్పవలెనో మాకు తోచలేదు. ఈ వ్యాసం వ్రాయుటకు ఆ మాటయే కారణం.

నివారణ మార్గాలు

మొట్టమొదటి మార్గం పైసా ఖర్చు లేనిది: చదువుట. ఆంప్యూల్ తీయునపుడు ఒకసారి, సిరంజిలోనికి ఎక్కించునపుడు ఒకసారి, రోగికి ఇచ్చుటకు ముందు ఒకసారి మందు పేరును, గాఢతను చదువవలెను. వీలైనచో పైకి చదివి, ప్రక్కవారిచే కూడ చూపించుకొనవలెను. మన నర్సు ఆ తల్లిని కాపాడినది ఈ ఒక్క అలవాటుతోనే.

రెండవది లేబుల్. మందు తీసిన మరుక్షణముననే సిరంజిపై పేరు, గాఢత వ్రాసి అంటింపవలెను. పేరు లేని సిరంజి కనబడినచో, అందులో ఏమున్నదో ఊహింపక పారవేయవలెను. గిన్నెలకును ఇదే నియమం. లేబుళ్ళ రంగులకు 2008లో అంతర్జాతీయ ప్రమాణం ఏర్పడినది: నిద్రపుచ్చు మందులకు పసుపుపచ్చ, కండరాల సడలింపు మందులకు ఎరుపు, మార్ఫిన్ వంటి నొప్పి మందులకు నీలం, రక్తపోటు పెంచు మందులకు ఊదా, స్థానిక మత్తుకు బూడిద రంగు, అట్రోపిన్ జాతికి ఆకుపచ్చ. ఒక మందుకు విరుగుడైన మందుపై అదే రంగు తెల్లని ఏటవాలు చారలతో ఉండును. అయినను రంగు చదువుటకు సహాయమే గాని బదులు కాదు. మందుల కంపెనీల ఆంప్యూళ్ళు ఈ రంగులను పాటింపకపోవచ్చును. ఒకే జాతి మందులన్నిటికి రంగు ఒకటే.

మూడవది అమరిక. ప్రతి థియేటర్‌లోను మందుల ట్రే ఒకే రీతిగా ఉండవలెను. వంటయింటిలో ఉప్పు డబ్బా, చక్కెర డబ్బా తల్లి ఎప్పుడును ఒకే చోట పెట్టును. చీకటిలో కూడ ఆమె చేయి పొరపడదు. అయితే ఆ డబ్బాలను మరొకరు మార్చినచో ఆ అలవాటే మోసగించును. కావున పోలికగల మందులను దూరంగా ఉంచవలెను. కొనునపుడే పోలిక లేని తయారీలను ఎన్నుకొనవలెను. అత్యవసర మందులను ముందుగానే పలుచన చేసి నింపిన సిరంజిలుగా సరఫరా చేయుట మరింత మేలు. ఆందోళన వేళ లెక్క కట్టవలసిన పని తప్పును.

నాల్గవది, పొరపాటునే అసాధ్యం చేయు సాధనం. వెన్నుకు వాడు సూదులకు, సిరంజిలకు వేరొక కొలత గల మూతిని నిర్ణయించి 2016లో అంతర్జాతీయ ప్రమాణం వెలువడినది. నరానికి వాడు సామాన్య సిరంజి ఆ సూదికి అసలు అమరదు. అయితే ఆంప్యూల్‌నుండియే తప్పు మందు తీసినచో ఈ సాధనం కూడ ఆపలేదు. సిరంజి లేబుల్‌పై గల చారల గుర్తును చదివి మందు పేరును బిగ్గరగా పలుకు యంత్రాలు కూడ కొన్ని దేశాలలో వాడుకలోనికి వచ్చినవి.

ఐదవది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో రూపొందించిన శస్త్రచికిత్సా భద్రతా పట్టిక. మత్తుకు ముందు, కోతకు ముందు, రోగి థియేటర్ విడుచుటకు ముందు అందరును ఆగి కొన్ని ప్రశ్నలు పైకి అడుగవలెను. ఏదైన మందు పడదా? కోతకు ముందు గంటలోపల ఆంటీబయోటిక్ ఇచ్చినారా? ఇట్టి చిన్న ప్రశ్నలే అవి. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాలలోని ఎనిమిది ఆసుపత్రులలో దీనిని పరీక్షింపగా, మరణాలు నూటికి 1.5 నుండి 0.8కి, తీవ్రమైన చిక్కులు 11 నుండి 7కి తగ్గినట్లు 2009లో వెల్లడియైనది.

దాచిన దోషం, చెప్పిన దోషం

ఇన్ని మార్గాలు ఉన్నను, జరిగిన దోషం చెప్పబడనిచో ఏ మార్గమును ముందుకు సాగదు. 1978లో జెఫ్రీ కూపర్ అను ఇంజనీరు, తన సహచరులతో కలిసి, మత్తు వైద్యులను శిక్షా భయం లేకుండ మాట్లాడించి 359 సంఘటనలను సేకరించినాడు. వీనిలో 82 శాతం మానవ దోషాలే. తరచుగా జరిగిన వానిలో సిరంజి మార్పిడి ఒకటి. ఆ వైద్యులు నోరు విప్పియుండనిచో నేటి లేబుళ్ళు, రంగులు, యంత్రాలు ఇంత త్వరగా వచ్చియుండెడివి కావు. నిర్లక్ష్యానికి శిక్ష ఉండవలసినదే. కాని అలసిన చేయి పోలికగల ఆంప్యూల్‌ను పట్టుకొనుట నిర్లక్ష్యం కాదు. ఆ రెండింటిని ఒకే చోట ఉంచిన ఏర్పాటు తప్పు. ఒక్కరిని తొలగించి పెట్టెను అట్లే ఉంచినచో, రేపు మరొక చేయి అదే పెట్టెలోనికి పోవును.

మన వంతు

రోగికి, బంధువులకు కూడ కొంత కర్తవ్యం కలదు. లోగడ ఏ మందు వలన దద్దురులు, వాపు, ఆయాసం కలిగినవో ఆ పేరు ఒక చీటిపై వ్రాసి ఉంచుకొనవలెను. రోజూ వాడు మాత్రలను, హకీము ఇచ్చిన మందులను, నాటు మందులను కూడ దాచక చెప్పవలెను. మన నగరంలో మరొక చిక్కు కలదు. అడుగువారిది ఒక భాష, జవాబు చెప్పువారిది మరొకటి. “అలర్జీ ఉన్నదా?” అని తెలుగులో అడిగిన ప్రశ్నకు ఉర్దూ మాత్రమే తెలిసిన వృద్ధురాలు మర్యాదకై తల ఊపును, కాగితంపై “లేదు” అని వ్రాయబడును. “దవా మువాఫిక్ నహీ ఆయీ” అని ఆమె అనిన మాట అర్థం కాని నర్సు దానిని విడిచివేయును. రెండు భాషలు నేర్చిన మా విద్యార్థులు ఇచ్చట చేయగల సేవ ఏ గొప్ప యంత్రమును చేయజాలదు. ఆ ఒక్క వాక్యాన్ని సరిగా అనువదించుట ఒక ప్రాణాన్ని నిలుపుట కావచ్చును.

రేపు థియేటర్‌లలో అడుగుపెట్టబోవు మా విద్యార్థులకు మేము చెప్పదలచినది ఇంతే. చదవక ఏ మందును అందింపకుడు. సందేహం కలిగినచో ఎదుట ఎంతటి పెద్దలున్నను నోరు విప్పుడు. తప్పిన ప్రమాదాన్ని కూడ వ్రాసి ఉంచుడు. వరండాలోని బెంచీపై ఎవరి తల్లియో దువా చేయుచున్నది. లోపల మీ చేతిలోని ఆంప్యూల్‌పై ఒక పేరు ఉన్నది. దానిని పైకి చదువుడు.